కీమో వార్డుకు పడకలతోపాటు మనుషులూ కావాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

జిల్లా ఆసుపత్రుల్లో క్యాన్సర్ డే కేర్ కేంద్రాల (పగలు కీమో మందు ఎక్కించి సాయంత్రం ఇంటికి పంపే వార్డుల) గురించి మీ పత్రికలో వచ్చిన వార్త చదివి పది రోజులైంది. అన్ని జిల్లా ఆసుపత్రుల్లో మూడేళ్లలో వీటిని పెడతామని, 2025-26లోనే 200 తెరుస్తామని కేంద్రం బడ్జెట్‌లో ప్రకటించింది. సంతోషమే. అయితే పడకలు, గదుల లెక్క వివరంగా రాసిన ఆ వార్తలో, వాటి మధ్య పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడే నర్సుల గురించి ఒక్క వాక్యం లేకపోవడం నన్ను బాధపెట్టింది.

నా భార్యకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు ఆత్మకూరు నుంచి నెల్లూరులోని ఒక ఆసుపత్రికి మూడు వారాలకొకసారి తిరిగాం. కీమో అంటే సెలైన్ పెట్టి వెళ్లిపోయే పని కాదు. రోగులు ఎర్ర మందు అని పిలుచుకునే మందు నరం దాటి బయటికి కారితే చర్మం, కండ దెబ్బతిని పుండు పడుతుంది కనుక, నర్సు పక్కనే ఉండి కనిపెట్టుకోవాలి. అక్కడ ఉన్నది ఇద్దరే. మందు కలపడం, ఎక్కించడం, ఆరోగ్యశ్రీ కాగితాలు చూడడం, ఏడ్చేవాళ్లను ఓదార్చడం, రాత్రి జ్వరం వచ్చిందని ఎవరైనా సొంత ఫోనుకు చేస్తే జవాబివ్వడం, అన్నీ వాళ్లే. పని బాగా పట్టుబడిన నర్సును మధ్యలో వేరే వార్డుకు మార్చేశారు. ఆమె స్థానంలో వచ్చిన అమ్మాయి మా చేతుల మీదే నేర్చుకోవలసి వచ్చింది; తప్పు ఆ అమ్మాయిది కాదు, పంపినవారిది.

రెండుసార్లు తెల్లవారుజామున బస్సెక్కి వెళ్లాక, రక్తపరీక్ష చేసి, తెల్లకణాలు తగ్గాయి, ఇప్పుడు కీమో ఇవ్వలేం, వచ్చే వారం రమ్మన్నారు. ఆ పరీక్ష ముందురోజు ఆత్మకూరులోనే చేయించి, ఫలితం ఫోనులో నర్సుకు చెప్పే ఏర్పాటుంటే మాకు ప్రయాణమూ వారికి పనీ తప్పేవి. దాదాపు వంద కిలోమీటర్ల దూరాన ఉన్న ఉదయగిరి నుంచి వచ్చేవారి అవస్థ ఇక చెప్పాలా?

పని పంచుకుంటే ఫలితం ఉంటుందని మన దేశంలోనే రుజువైంది. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి, పదో తరగతి చదివిన మహిళలకు శిక్షణనిచ్చి బస్తీల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు చేయించింది. సుమారు లక్షన్నర మంది స్త్రీలపై జరిగిన ఆ అధ్యయనంలో ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో ప్రకటించారు. రోగిని గది గదికీ దారి చూపి నడిపించడానికి అదే సంస్థ 'కేవట్' పేరుతో ప్రత్యేకంగా మనుషులను తయారు చేస్తోంది. కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బులో నొప్పి, బాధ తగ్గించే సంరక్షణ) విధానం తెచ్చి, నొప్పితో మంచాన పడ్డవారి ఇంటికే నర్సును పంపుతోంది.

మన దగ్గర మాత్రం ముప్పై దాటినవారికి నోటి క్యాన్సర్ పరీక్ష, అందులో స్త్రీలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు కూడా అంటూ ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు పని పెంచుకుంటూ పోతున్నారు. యాప్‌లో ఎన్ని పేర్లు ఎక్కాయో అడిగే అధికారులు, గడ్డ ఉందని తేలిన మనిషి ఆసుపత్రికి చేరిందా, చికిత్స మొదలైందా అని అడగరు. ఏ సమీక్షలోనైనా అంకెలదే గౌరవం.

డే కేర్ కేంద్రం తెరిచే నాటికే కీమోలో శిక్షణ పొందిన నర్సులు ఎందరు ఉంటారో, వారిని ఎన్నేళ్లు కదిలించకుండా ఉంచుతారో, కాగితాల పనికి వేరే మనిషిని ఇస్తారో లేదో, రాత్రి ఫోనుకు డ్యూటీ ప్రకారం ఎవరు పలుకుతారో వైద్య ఆరోగ్య శాఖ అధికారులు మీ పత్రిక ద్వారానే జిల్లా ప్రజలకు తెలియజేయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఆత్మకూరు, నెల్లూరు జిల్లా