పురుగు పేరు చెప్పగల మనిషికి పోస్టు ఇవ్వండి

కేంద్ర వ్యవసాయ మంత్రి గారికి,

నమస్కారం. వ్యవసాయ కీటక శాస్త్రం చదివి, అదే పాఠం చెబుతూ, అందులోనే పరిశోధన చేస్తున్నవాణ్ణి. పంట మీద కొత్త పురుగు కనబడగానే పైనుంచి మాకు ఫోన్లు మొదలవుతాయి. అందరూ అడిగేది ఒకటే, "ఏ మందు కొట్టాలి?" అని. అసలు అది ఏ పురుగో ముందు తేలాలి కదా. ఆ పేరు నమ్మకంగా చెప్పగలవాళ్ళు ఒక్కొక్కరే రిటైరవుతున్నారు, వాళ్ళ కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయి.

2021లో తెలుగు రాష్ట్రాల మిరప తోటలు ఏమయ్యాయో మీకు తెలిసిందే. మిరపకు తామర పురుగు కొత్త కాదు. పాతది ఆకుల్లో రసం పీలుస్తుంది, ఆకులు పైకి ముడుచుకుంటాయి. ఆ ఏడు విరుచుకుపడింది వేరే జాతి. రైతులు నల్ల తామర పురుగు అన్నారు, శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. అది గుంపులుగా పూలలో చేరుతుంది. పూత రాలిపోయింది, కాయ నిలవలేదు, మందు మీద మందు కొట్టినా లొంగలేదు. ఇది మన దేశంలోకి వచ్చిందని 2015లోనే, బెంగళూరులో బొప్పాయి మీద చూసి శాస్త్రవేత్తలు ప్రకటించారు. మధ్యలో ఆరేళ్ళున్నాయి. అది ఎటు పాకుతోందో, ఏ పంట ఎక్కుతోందో ఊరూరా తిరిగి చూడడానికి మనుషులేరీ?

ఈ పురుగు పొడవు మిల్లీమీటరుకు అటూ ఇటూ. గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది. పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి లోపలి పదార్థం కరిగించి, ఆల్కహాల్‌తో తేమ తీసి, స్లైడు మీద బోర్లా పెట్టి సూదిమొనతో రెక్కలు విప్పాలి. ఆ తర్వాత మైక్రోస్కోపు కింద మీసంలో కణుపులు ఏడా ఎనిమిదా, రెక్క ఈనె మీద వెంట్రుకల వరుస మధ్యలో తెగిందా లేదా అని చూడాలి. చెయ్యి తిరగడానికి ఏళ్ళు పడుతుంది. డీఎన్ఏ పరీక్ష ఉంది కదా అంటారు. ఉంది, మేమూ చేస్తాం. కానీ పోల్చి చూసుకోవడానికి, ఎవరో ఒకరు ముందే సరైన పేరు పెట్టిన నమూనా ఉండాలి కదా.

పేరు తప్పితే ఏమవుతుందో కర్రపెండలం పంటను అడగాలి. 1970ల్లో ఆఫ్రికాలో ఆ పంటను ఒక పిండినల్లి (ఒంటి మీద తెల్లటి పిండిలాంటి పొర ఉండే, రసం పీల్చే పురుగు) ఊడ్చేసింది. దక్షిణ అమెరికా ఉత్తర భాగంలో అలాంటిదే దొరికితే, దాని ఒంట్లో పెరిగి దాన్ని చంపే చిన్న పురుగులను, అంటే పరాన్నభుక్కులను, ప్రయోగించి చూశారు. ఆఫ్రికా పిండినల్లి మీద అవి పని చేయలేదు. కారణం, రెండూ చూడ్డానికి ఒకటే, జాతులు వేరు. వర్గీకరణ నిపుణులు ఆ తేడా తేల్చారు. అసలు పురుగు 1981లో పరాగ్వేలో దొరికింది, దాని వెంటే దాని శత్రువు అనాగైరస్ లోపెజి అనే చిన్న కందిరీగ కూడా. అదే ఏడాది నైజీరియాలో వదిలారు. తర్వాత అది ఎన్నో దేశాల్లో పంటను కాపాడింది, ఆ కార్యక్రమాన్ని నడిపిన హన్స్ హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది.

ఇక మా ఉద్యోగాల సంగతి. పీహెచ్‌డీ అయ్యాక దొరికేది మూడేళ్ళ ప్రాజెక్టు. అది ముగిస్తే ల్యాబ్‌లో పెంచుతున్న పురుగులకు మేత వేసే దిక్కుండదు. ప్రమోషన్‌కి పేపర్లు లెక్క, పత్రికకు జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ ఇచ్చే మార్కు, అదే నాస్ రేటింగ్, లెక్క. రాత్రి దీపపు ఎరలో పడ్డవాటిని పొద్దున్నే జాతుల వారీగా ఏరి రిజిస్టరులో ఎక్కించే పనికి ఏ పాయింట్లూ రావు. కానీ అలాంటి రిజిస్టరు పదేళ్ళది చేతిలో ఉంటేనే, వరిలో సుడిదోమ ఈసారి ముందే వచ్చిందని ధైర్యంగా చెప్పగలం. నా దగ్గర తామర పురుగుల వర్గీకరణ మీద పీహెచ్‌డీ చేసిన అమ్మాయి ఇప్పుడు ఒక పురుగుమందుల కంపెనీ అమ్మకాల విభాగంలో ఉంది. ఆమెను తప్పు పట్టను, నెలనెలా జీతం వస్తోంది.

వ్యవసాయ విశ్వవిద్యాలయాలు రాష్ట్రాల చేతిలో ఉన్నాయని మీవాళ్ళు జవాబు రాస్తారు, నాకు తెలుసు. కానీ భారత వ్యవసాయ పరిశోధన మండలి సొసైటీకి అధ్యక్షులు మీరే. మండలి గ్రాంటు కావాలంటే ప్రతి విశ్వవిద్యాలయంలో కీటక వర్గీకరణకు ఒక్క శాశ్వత పోస్టైనా ఉండాలని షరతు పెట్టవచ్చు. ఆ పోస్టులో ఉన్నవారు రిటైరవడానికి రెండేళ్ళ ముందే తర్వాతివారిని నియమించండి. ఈ విద్య పక్కన కూర్చుని నేర్చుకుంటేనే వస్తుంది. దీపపు ఎర రికార్డులకూ, గుర్తించి భద్రపరిచిన నమూనాలకూ ప్రమోషన్‌లో పాయింట్లు ఇవ్వండి. వీటన్నిటికీ టైమ్ పడుతుందంటే, ఏ విశ్వవిద్యాలయంలో ఎన్ని కీటక శాస్త్ర పోస్టులు ఎన్నేళ్ళుగా ఖాళీగా ఉన్నాయో ఆ జాబితానైనా ఈ ఖరీఫ్ లోపు బయటపెట్టండి.

ఇట్లు,
ఒక కీటక శాస్త్ర ఆచార్యుడు