చల్లని సీట్ల పనుల విషయంలో మా వర్క్‌షాపు తీసుకున్న నిర్ణయం

గౌరవనీయులైన మా కస్టమర్లకు నమస్కారం.

విజయవాడ ఆటోనగర్‌లోని మా కారు ఏసీ, సీట్ల వర్క్‌షాపుకు ఈ వేసవిలో ఖరీదైన కార్లు తెచ్చినవారిలో చాలామంది దాదాపు ఒకే మాట చెప్పారు: ఇంత డబ్బు పోసి కొన్నాం, సీటు చల్లబడటం లేదు, తెర మీద ఇరవై రెండు డిగ్రీలు చూపిస్తున్నా ఒంటికి మాత్రం ఆ హాయి తెలియడం లేదు. ఆ నిరాశలో న్యాయం ఉంది. కానీ ఆ కార్లలో ఎక్కువ వాటిని విప్పి చూసినప్పుడు, ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి, వైరింగ్ సరిగానే ఉంది, బాగు చేయవలసిన లోపమేదీ కనిపించలేదు. లోపం లేని చోట ఏదో ఒక పని చేసినట్టు చూపించి బిల్లు వేయడం మాకు ఇష్టం లేదు కనుక, ఈ సీట్లు అసలు ఏమి చేయగలవో, ఏమి చేయలేవో వివరించి, ఇకపై మేము ఏ పనులు ఒప్పుకుంటామో, ఏవి ఒప్పుకోమో తెలియజేయడానికి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మన దగ్గర తిరిగే కార్లలో చల్లని సీట్లని పిలిచే వాటిలో చాలావాటికి చలిని పుట్టించే యంత్రమేదీ ఉండదు. కూర్చునే భాగంలోనూ వీపు భాగంలోనూ చిన్న ఫ్యాన్లు ఉంటాయి, లెదర్‌కు సన్నని రంధ్రాలు ఉంటాయి, ఆ ఫ్యాన్లు కారు లోపలి గాలినే ఆ రంధ్రాల గుండా తోస్తాయి లేదా లోపలికి పీలుస్తాయి. 1997లో విడుదలైన సాబ్ 9-5 కారుతో పేరు తెచ్చుకున్న ఈ ఏర్పాటు మూల సూత్రం ఇప్పటికీ పెద్దగా మారలేదు. 2017లో హ్యుందాయ్ వెర్నాలోనూ, 2019లో కియా సెల్టోస్‌లోనూ వచ్చిన గాలి సీట్లు కూడా ఇదే సూత్రం మీద నడుస్తాయి. అంతకు ఎన్నో రెట్లు ధర ఉన్న కారులో లెదర్ మేలైనది కావచ్చు, ఫ్యాను శబ్దం తక్కువ కావచ్చు, గాలి మరింత సమంగా పరుచుకోవచ్చు, కానీ జరిగే పని మాత్రం చాలావరకు అదే. నిజంగా చలిని పుట్టించే సీట్లు కూడా లేకపోలేదు. 1834లో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్ పెల్టియే గుర్తించిన సూత్రం ప్రకారం, రెండు వేర్వేరు పదార్థాల కూడలి గుండా కరెంటు పంపితే ఒక వైపు చల్లబడి రెండో వైపు వేడెక్కుతుంది. ఆ పద్ధతితో తయారైన సీట్లు 2000 మోడల్ లింకన్ నావిగేటర్ కారుతో అమెరికా మార్కెట్లోకి వచ్చాయి. వాటిలోనూ వేడెక్కిన వైపు నుంచి వచ్చే వేడి మళ్ళీ కారు లోపలికే వదలాలి కనుక, ఆ వేడిని తీసివేసే భారం చివరికి ఏసీ మీదే పడుతుంది.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. అమెరికాలోని అరిజోనాలో పరిశోధకులు వేసవి ఎండలో గంటసేపు నిలిపిన కార్లను కొలిచి, 2018లో ప్రకటించిన లెక్కల ప్రకారం లోపలి గాలి సగటున 47 డిగ్రీలకు, సీటు 51 డిగ్రీలకు, స్టీరింగ్ 53 డిగ్రీలకు, డ్యాష్‌బోర్డు 69 డిగ్రీలకు చేరాయి. రోహిణి కార్తెలో బెంజి సర్కిల్ దగ్గర నీడ లేని చోట నిలిపిన నల్ల లెదర్ సీట్ల కారు పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా ఉంటుందని అనుకోవడానికి ఆధారం లేదు. అలాంటి కారులో ఎక్కగానే సీటు మీట నొక్కితే, ఫ్యాను ఆ 47 డిగ్రీల గాలినే 51 డిగ్రీల సీటు గుండా నడిపిస్తుంది. మన చర్మం వేడి దాదాపు 34 డిగ్రీలు, అంతకంటే వేడిగా ఉన్న గాలి ఒంటికి వేడిని ఇస్తుందే తప్ప తీసుకోదు. ఆ సమయంలో మనకు అందే చల్లదనం ఒక్క చెమట ఆరడం వల్లనే వస్తుంది. మట్టికుండ పైకి ఊరిన తడి ఆరితేనే లోపలి నీళ్ళు చల్లబడతాయి, ముసురు పట్టిన రోజున కుండ కూడా సరిగా చల్లబడదు. ఒంటి సంగతీ అంతే. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల పొడి ఎండలో చెమట తొందరగా ఆరుతుంది, మచిలీపట్నం, విశాఖపట్నం వంటి తీరపు ఊళ్ళలో ఉక్కపోత ఆ కాస్త మేలును కూడా మింగేస్తుంది. ఏసీ పనిచేయడం మొదలుపెట్టి గాలిలోని వేడినీ తేమనూ తీసివేసిన తరువాతే సీటు చేసే సాయం ఒంటికి తెలుస్తుంది. షోరూములో కారు ఎక్కి చూసినప్పుడు వీపుకు అంత హాయిగా అనిపించడానికి కారణం కూడా ఇదే: అక్కడ సీటు పీల్చే గాలి అప్పటికే హాలులోని ఏసీతో చల్లబడి ఉంటుంది. అమ్మేవారు ఈ ఒక్క వాక్యాన్ని కొనేవారికి ముందుగా చెప్పి ఉంటే సగం నిరాశ ఉండేది కాదని మా గట్టి అభిప్రాయం.

మాకు మరింత బాధ కలిగించే విషయం వెనుక సీటుది. మన దగ్గర పెద్ద కారు కొన్నవారిలో చాలామంది వెనుకే కూర్చుంటారు. పెద్దవారిని, గర్భిణులను, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళేవారిని కూడా వెనుకే కూర్చోబెడతాము. కానీ చాలా మోడళ్ళలో గాలి సీట్లు ముందు రెండు సీట్లకే ఉంటాయి, వెనుక సీట్లకు కావాలంటే పై వేరియంట్ కొనాలి, కొన్నిటిలో అదీ ఉండదు. దానికి తోడు పైకప్పు అంతా అద్దం పెట్టిన కార్లలో మధ్యాహ్నపు ఎండ నేరుగా వెనుకవారి తల మీదికే దిగుతుంది. కొనబోయేవారికి మా విన్నపం ఏమిటంటే, టెస్ట్ డ్రైవ్‌ను ఉదయం పూట కాక మధ్యాహ్నం రెండు గంటలకు అడగండి, బయట ఎండలో నిలిపిన కారునే ఇమ్మనండి, ఇంటి పెద్దలను వెనుక కూర్చోబెట్టి చూడండి.

మా దగ్గరకు వచ్చిన కార్లలో నిజంగా సరిచేయగలిగిన సంగతి ఒకటి తరచుగా కనిపించింది. రంధ్రాల లెదర్ పాడవకూడదని దాని మీద మందపాటి సీటు కవరు తొడిగిస్తారు, దానితో గాలి దారి పూర్తిగా మూసుకుపోతుంది. పక్క ఎయిర్‌బ్యాగ్ సీటు అంచులోనే ఉన్న కార్లలో ఆ కవరు ప్రమాద సమయంలో ఎయిర్‌బ్యాగ్‌కు కూడా అడ్డుపడవచ్చు కనుక, ఆ కవర్లు తీసివేయమని మేము గట్టిగానే చెబుతున్నాము. సీటు పనిచేస్తోందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు: ఫ్యాను పూర్తి వేగంలో పెట్టి పలుచని టిష్యూ కాగితం రంధ్రాల మీద పరచండి. గాలిని తోసే సీటయితే కాగితం కదులుతుంది, పీల్చే సీటయితే అతుక్కుంటుంది. పీల్చే రకం సీటులో గాలి ఒంటికి తగలదు కాబట్టి, చక్కగా పనిచేస్తున్నదాన్ని పాడైందని అనుకునేవారు చాలామంది ఉన్నారు.

ఆటోమేటిక్ ఏసీ విషయంలో కూడా ఇలాంటిదే జరుగుతోంది. తెర మీద కనిపించే 22 మనం కోరిన వేడిమి మాత్రమే, కారు లోపల ఆ క్షణంలో ఉన్నది కాదు. ఆ కోరికను తీర్చడానికి కారు రెండు మూడు సెన్సర్ల మీద ఆధారపడుతుంది. ఎండను గమనించే సెన్సర్ చాలా కార్లలో డ్యాష్‌బోర్డు మీద, ముందు అద్దం దగ్గర, చిన్న నల్లటి గుండీలా ఉంటుంది. దాని మీద దేవుడి ప్రతిమ గాని, గుడ్డ గాని, పార్కింగ్ చీటీ గాని ఉంటే కారు నీడలో ఉందని భావించి ఏసీ తన బలం తగ్గించుకుంటుంది. ప్రతిమను తీసివేయమని మేము ఎవరినీ అడగము, ఒక జానెడు పక్కకు జరపమని మాత్రమే కోరుతున్నాము. లోపలి గాలిని కొలిచే సెన్సర్ ముందున్న సన్నని జాలీలో దుమ్ము పేరుకున్నా లెక్క తప్పుతుంది. ఏసీ ఫిల్టరు మూసుకుపోయినా, ఏసీ తీసిన వేడిని బయటికి వదిలే కండెన్సర్ రెక్కల మధ్య మట్టి చేరినా ఎంత గొప్ప కారైనా ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కూలింగ్ పడిపోతుంది. ఎలక్ట్రిక్ కార్లలో చాలా వాటికి బ్యాటరీని చల్లబరిచేది కూడా ఈ ఏసీ వ్యవస్థే కనుక, ఎండలో ఫాస్ట్ ఛార్జింగ్ పెట్టినప్పుడు లోపలి చల్లదనం కొంత తగ్గడం లోపం కాదు.

కూలింగ్ తగ్గిందనగానే గ్యాస్ పట్టించుకోవడం మన దగ్గర అలవాటుగా మారింది. గ్యాస్ ఎక్కువైనా కూలింగ్ తగ్గుతుందని, ఎంత పట్టాలో బానెట్ కింది స్టిక్కర్ మీద గ్రాములలో రాసి ఉంటుందని దయచేసి గుర్తుంచుకోండి. మన దేశంలో చాలా కార్లు ఆర్134ఎ గ్యాసుతో నడుస్తాయి. యూరప్‌లో 2017 నుంచి కొత్త కార్లలో ఆ గ్యాస్ వాడకూడదు కాబట్టి, అక్కడి నుంచి వచ్చే కొన్ని ఖరీదైన కార్లలో ఆర్1234వైఎఫ్ ఉంటుంది. అది ఎంతో ఖరీదైనది, కొద్దిగా మండే స్వభావం ఉన్నది, దానికి వేరే యంత్రం కావాలి, ఒకదానిలో ఒకటి కలపకూడదు.

ఇకపై మా పద్ధతి ఇలా ఉంటుంది. సీటు గాని ఏసీ గాని చల్లబడటం లేదని వచ్చిన కారుకు ముందుగా తనిఖీ చేస్తాము, లోపం లేకపోతే తనిఖీ ఛార్జీ మాత్రమే తీసుకుని ఆ సంగతి రాసి ఇస్తాము. లీకు ఎక్కడుందో చూడకుండా, వ్యాక్యూమ్ చేయకుండా, అంటే పైపుల్లోని గాలినీ తేమనూ లాగివేయకుండా, తూకం వేయకుండా గ్యాస్ పట్టము. ఆర్1234వైఎఫ్ కార్లకు గ్యాస్ పని మా దగ్గర చేయము, తగిన యంత్రం ఉన్న సర్వీస్ సెంటరుకు వెళ్ళమని చెబుతాము. మామూలు లెదర్ సీట్లకు బయటి ఫ్యాన్లు బిగించే పనిని పూర్తిగా ఆపివేస్తున్నాము. అందుకోసం స్పాంజిని కోయాలి, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే కుట్టును కదిలించాలి, మనిషి కూర్చున్నాడా లేడా అని గుర్తించే సెన్సర్‌ను తీసి మళ్ళీ పెట్టాలి. వీపుకు కొద్దిపాటి గాలి కోసం ప్రాణానికి సంబంధించిన ఏర్పాటును కదిలించడం మాకు సమ్మతం కాదు. ఈ పని మా ఆదాయంలో చిన్నది కాదు, అయినా ఈ నిర్ణయం మారదు. ఇందుకోసం అడ్వాన్సు ఇచ్చినవారు రసీదుతో వస్తే మొత్తం తిరిగి ఇస్తాము. ఇప్పటికే మా దగ్గర ఫ్యాన్లు బిగించుకున్నవారు ఒకసారి కారు తీసుకువస్తే, కుట్లు, వైరింగ్, సెన్సర్లు ఉచితంగా పరీక్షించి, కోరినవారికి పాత స్థితికి మార్చి ఇస్తాము.