పట్టా వెనుక ఉన్న ఒక్క మాట: విద్యాశాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రివర్యులకు,

ప్రొద్దుటూరు నుంచి ఒక గణిత ఉపాధ్యాయురాలు నమస్కరించి రాసుకుంటున్న లేఖ. ఆన్‌లైన్‌లో చదివిన డిగ్రీని ఉద్యోగాల దగ్గర లెక్క చేయడం లేదన్న విషయమై మీ కార్యాలయానికి రెండుసార్లు రిజిస్టర్డ్ పోస్టులో వినతిపత్రం పంపాను. సోమవారం నాడు అర్జీలు తీసుకునే చోట వరుసలో నిలబడి మరొకటి చేతికిచ్చాను. మూడింటికీ రసీదులున్నాయి, జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు.

బీఎస్సీ పూర్తయిన తొమ్మిదేళ్లకు నేను ఆన్‌లైన్‌లో ఎమ్మెస్సీ గణితం చదివాను. పక్షవాతంతో మంచాన పడిన అత్తగారిని, బడికి పోయే ఇద్దరు పిల్లలను వదిలి రోజూ కడపకు వెళ్లి చదివే వీలు నాకు లేదు. ఆ కోర్సుకు విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) అనుమతి ఉందో లేదో జాబితాలో చూసుకున్న తర్వాతే ఫీజు కట్టాను. బంగారు వ్యాపారానికి పేరుపడ్డ మా ఊళ్లో, ఆ ఫీజు కోసం కుదువ పెట్టిన నా గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. రాత్రి అందరి భోజనాలూ అయ్యాక వంటగది గట్టు మీద ఫోను నిలబెట్టుకుని టోపాలజీ పాఠాలు విన్నాను. కెమెరా ముందు చూపు తిప్పకుండా మూడు గంటలు పరీక్ష రాస్తున్నప్పుడు, పక్క గదిలోంచి అత్తగారు నీళ్లడిగినా లేవలేకపోయిన రోజు తలచుకుంటే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

గత వేసవిలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో లెక్చరర్ పోస్టుకు వెళ్లాను. డెమో క్లాసులో ద్విపద సిద్ధాంతం చెప్పమన్నారు. విస్తరణలో ఎక్స్ లేని పదాన్ని కనుక్కునే లెక్క బోర్డు మీద వేసి సగం చేసేసరికి వెనుక బెంచీ పిల్లవాడు జవాబు చెప్పేశాడు. “బాగా చెప్పినారమ్మా” అన్నారు యాజమాన్యం వారు. తర్వాత పట్టా తీసుకుని ముందువైపు చదివి, వెనక్కి తిప్పారు. అక్కడ బోధనా విధానం ఆన్‌లైన్ అని చిన్న అక్షరాల్లో ఉంది. “రెగ్యులర్ కాదా? తల్లిదండ్రులు అడిగితే మేమేం చెప్పాలమ్మా?” అంటూ ఫైలు నా వైపు జరిపారు. మరో కళాశాలవారు ఫోనులోనే వద్దన్నారు. డేటా విశ్లేషణ ఉద్యోగానికి ఒక కంపెనీ ఇచ్చిన ప్రకటనలోనైతే రెగ్యులర్ డిగ్రీ ఉన్నవారు మాత్రమే దరఖాస్తు చేయాలని ముందే రాశారు.

2020 నాటి యూజీసీ నిబంధనల్లో 22వది మీకు తెలియనిది కాదు. దాని ప్రకారం, గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ కళాశాలకు వెళ్లి చదివిన డిగ్రీతో సమానమని 2022 సెప్టెంబరులో యూజీసీ మళ్లీ ప్రకటించింది. ఆ ప్రకటన ప్రతిని నా ఫైలులోనే పెట్టుకుని తిరుగుతున్నాను, అయ్యా. చూపిస్తే, “అది మీకు, యూజీసీ వాళ్లకు సంబంధించిందమ్మా” అంటున్నారు కళాశాలలవారు.

యాజమాన్యాల అనుమానానికి కారణం లేదని నేను అనను. డబ్బు కడితే చాలు పట్టా చేతికొచ్చే దొంగ స్టడీ సెంటర్లను మనమంతా చూశాం. రసాయన శాస్త్రానికి ప్రయోగశాల తప్పదన్నా ఒప్పుకుంటాను, ప్రయోగాలు తప్పనిసరైన కోర్సులను ఆన్‌లైన్‌లో నడపరాదని ఆ నిబంధనలే చెబుతున్నాయి. గణితానికి ఆ అడ్డంకి లేదు కనుకనే అనుమతి ఇచ్చారు. అనుమతి ఇచ్చి, ఫీజు కట్టించుకుని, పరీక్ష పెట్టి ఇచ్చిన పట్టాను ఉద్యోగం దగ్గర ఎవరూ లెక్క చేయకపోతే, నాలాంటి ఆడవాళ్లు ఎవరిని అడగాలి?

దయచేసి ప్రైవేటు కళాశాలలకు స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వండి. ప్రభుత్వ కళాశాలల్లో గెస్ట్ లెక్చరర్ల కోసం ఇచ్చే ప్రతి ప్రకటనలోనూ యూజీసీ గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ చెల్లుతుందని ఒక్క వాక్యం రాయించండి, మీరు రాయిస్తే ప్రైవేటువారూ చూసి నేర్చుకుంటారు. పరీక్ష పెట్టమనండి, పది డెమోలు చెప్పమన్నా చెబుతాను. పట్టా వెనుక ఉన్న ఒక్క మాట చూసి నన్ను పంపించేయకుండా చూడండి. వచ్చే ఏడాదికి లెక్చరర్లను తీసుకోవడం వేసవిలోనే మొదలవుతుంది కనుక, ఆ ఉత్తర్వు అంతకు ముందే రావాలని చేతులు జోడించి వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయురాలు,
ప్రొద్దుటూరు, కడప జిల్లా