జాకెట్లు ఎందుకు ఆలస్యమయ్యాయంటే

విశాఖ అక్కయ్యపాలెంలో నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే అమ్మలకూ అక్కలకూ నమస్కారం. ఇరవై రెండు రోజులుగా దుకాణం షట్టరు సగమే లేచి ఉంది, కొన్ని రోజులు అదీ లేదు. ఫోన్లు ఎత్తలేదు. ఆషాఢంలో మీరిచ్చిన బట్టలు శ్రావణం మొదటి శుక్రవారానికి కుట్టిస్తానని మాట ఇచ్చి తప్పాను. కారణం మా వీధి వారికి తెలుసు, మిగతావారికి ఇప్పుడు చెబుతున్నాను.

మా పాపకు నాలుగేళ్లు. జలుబుకు మందు రాయించుకోవడానికి వెళితే, డాక్టరుగారు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. ఎకో తీయిస్తే గుండె పై గదుల మధ్య గోడలో రంధ్రం ఉందని తేలింది. చాలామంది పిల్లలకు ఛాతీ కోయకుండా, తొడ దగ్గరి రక్తనాళం గుండా ఒక పరికరం పంపి దీన్ని మూసేస్తారట. మా పాపకు కుదరదన్నారు. పరికరం పట్టుకు నిలవడానికి రంధ్రం పక్కన చాలినంత అంచు లేదు. మా ఆయనకు ఆ మాట అంతుపట్టలేదు గానీ నాకు మళ్లీ చెప్పాల్సిన పని లేకపోయింది. అంచు వదలకుండా కత్తిరించిన గుడ్డ మీద హుక్కు ఎన్నాళ్లుంటుందో నాకు తెలియదా? గుండె చుట్టూ ఉండే పొరలోంచే ముక్క తీసి అతుకు వేస్తామన్నారు. బయటి గుడ్డ కాదు, తన గుడ్డే. ఎందుకో ఆ ఒక్క మాటకు కాస్త ధైర్యం వచ్చింది.

ఆపరేషను సింహాచలం గిరి ప్రదక్షిణ ముందు రోజు జరిగింది. ఆసుపత్రి ఆరిలోవ వైపు. మర్నాడు 32 కిలోమీటర్లు నడిచే జనంతో ఆ దారంతా నిండిపోయి, బండి కదల్లేదు. మా ఆయన మద్దిలపాలెంలో దిగి, ఫ్లాస్కు పట్టుకుని జనానికి ఎదురు నడుచుకుంటూ వచ్చారు. సింహాద్రి అప్పన్నకు మొక్కుకున్నది మేము, నడిచింది వాళ్లు.

ఐసీయూలో పాప అడిగిందల్లా నీళ్లే. మొదటి రోజుల్లో నీళ్లు కొలిచి మాత్రమే ఇవ్వాలి. నర్సమ్మ సిరంజితో పెదవుల మధ్య కొద్దికొద్దిగా పోస్తుంటే, పాప ఆ సిరంజి వైపే చూసేది. వార్డుకు మార్చాక ఊపిరి లోతుగా తీయడానికి సబ్బు బుడగలు ఊదించారు. దగ్గు వస్తే దిండు ఛాతీకి హత్తుకుని దగ్గాలి.

నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. సంచిలో పెట్టుకెళ్లిన గౌన్లన్నీ తల మీంచి వేసేవే! చేతులు పైకి ఎత్తకూడదు, చంకల కింద చేయి పెట్టి ఎత్తుకోకూడదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ముందు హుక్కుల జాకెట్లు కుట్టేదానికి ఇది తోచలేదు. ఆ రాత్రి మా ఆయనతో లైనింగు గుడ్డ తెప్పించి, ముందు నాడాలు కట్టుకునే చొక్కాలు మూడు చేత్తోనే కుట్టాను. పక్క మంచం తల్లి ఒకటి అడిగి తీసుకుంది.

ఇక డబ్బు. ఆపరేషను ఎన్టీఆర్ వైద్య సేవ కింద జరిగింది, మనమింకా ఆరోగ్యశ్రీ అనే అంటాం. ఏ కాగితం ఎక్కడివ్వాలో ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర అమ్మాయే దగ్గరుండి చెప్పింది. అయితే ముందు బయట చేయించిన పరీక్షలకూ, ఆటోలకూ, మా ఆయన పని మానుకున్న రోజులకూ మీ అడ్వాన్సుల్లోంచే 14,000 వాడాను. దాచడం నాకిష్టం లేదు. బట్ట వెనక్కి తీసుకుంటామన్నవారి అడ్వాన్సు దసరాలోపు రెండు విడతల్లో తిరిగి ఇస్తాను.

ఒక పట్టు జాకెట్టు పాడైంది. ఐసీయూ బయట నిలబడి ఫోనులో దుకాణంలో పని చూసే అమ్మాయికి కొలత 36 బదులు 34 చెప్పాను. తప్పు నాదే, ఆ పిల్లది కాదు. చీరతో వచ్చిన ముక్క మళ్లీ దొరకదు కాబట్టి పక్కల్లో అతుకు వేయనా, గుడ్డ ధర ఇవ్వనా, ఆ అక్కే చెప్పాలి.

వరలక్ష్మీ వ్రతానికి పద్దెనిమిది జాకెట్లు మాత్రమే ఇవ్వగలను, ముందిచ్చినవారికి ముందు. మగ్గం పని కొత్తగా తీసుకోను. రొమ్ము ఎముక అతుక్కోవడానికి ఆరు వారాలన్నారు, మూడు వారాలే గడిచాయి. పాపను చూడటానికి వస్తే సంతోషమే, జలుబు ఉన్నవారు మాత్రం ఆగండి. బుగ్గలు ముద్దు పెట్టుకోవద్దు.

ఐదు దాటాక మిషను ఆపేస్తాను, పాపను వీధి చివరి దాకా నడిపించాలి. ఆ వేళకు వస్తే పక్క ఇంట్లో అడగండి, కుట్టిన బట్టలు అక్కడే పెట్టి ఉంచుతున్నాను.