నెలకో బల్ల

సియాటిల్,
అక్టోబరు 9

మావయ్యకు,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. అత్తయ్య మోకాలి నొప్పి తగ్గిందని అమ్మ చెప్పింది. తగ్గింది కదా అని మళ్ళీ మేడ మెట్లు ఎక్కనివ్వకు.

మొన్న నువ్వు అడిగింది ఫోన్లో సగమే చెప్పాను, ఈలోపు పాప ఫోన్ లాక్కుంది. అక్కడి అమెరికా లైబ్రరీల్లో నెలకో అంశం పెట్టుకుని ఏం చదవాలో చెబుతారటగా, అదెలా చేస్తారో రాయి, నవంబరు 14 నుంచి నేను చూసుకునే మన ఊరి లైబ్రరీలో గ్రంథాలయ వారోత్సవాలున్నాయి, మనమూ ఏదైనా చేద్దాం అన్నావు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదువు.

చూడ్డానికి పెద్ద ఏర్పాటేమీ ఉండదు. మా పేట బ్రాంచిలోకి వెళ్ళగానే ఎదురుగా ఒక బల్ల. దాని మీద ఓ పాతిక పుస్తకాలు, అట్ట మనవైపు తిప్పి నిలబెట్టి ఉంటాయి. పైన చిన్న బోర్డు మీద ఆ నెల అంశం. ఈ నెల దయ్యాల కథలు, నెలాఖరున హాలోవీన్ కదా. ఎవరైనా ఒకటి పట్టుకుపోతే ఆ ఖాళీలోకి ఇంకోటి వస్తుంది. ఇలాంటి జాబితాలు లైబ్రరీ వెబ్‌సైట్‌లోనూ ఉంటాయి. పెద్దవాళ్ళకి, టీనేజీ పిల్లలకి, బుడతలకి వేరువేరుగా.

అంశాలు చాలావరకు ఈ దేశపు కేలండర్‌లోంచి వస్తాయి. ఫిబ్రవరి నల్లజాతి వాళ్ళ చరిత్ర నెల. కార్టర్ వుడ్‌సన్ అనే చరిత్రకారుడు 1926లో దీన్ని ఒక్క వారంగా మొదలుపెట్టాడు. లింకన్, బానిసత్వం మీద పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్‌ల పుట్టినరోజులు రెండూ కలిసొచ్చేలా ఫిబ్రవరి రెండో వారాన్ని ఎంచుకున్నాడు. అది నెల అయ్యేసరికి 1976 వచ్చింది. ఏప్రిల్ కవిత్వానిది, 1996 నుంచి. మే నెల ఆసియా నుంచి వచ్చినవాళ్ళది. మే నెలే ఎందుకో తెలుసా? ఈ దేశాన్ని తూర్పు నుంచి పడమరకి కలిపిన రైలు మార్గం 1869 మే 10న పూర్తయింది. పడమటి వైపు ఆ పట్టాలు వేసిన కూలీల్లో ఎక్కువమంది చైనా వాళ్ళే. ఇక శరదృతువులో వచ్చే నిషేధిత పుస్తకాల వారం 1982లో మొదలైంది. ఫలానా పుస్తకాన్ని తీసేయమని ఎవరెవరు ఎక్కడెక్కడ పట్టుబట్టారో ఆ పుస్తకాలన్నీ బల్లెక్కుతాయి. వద్దన్నదాని మీదకే చెయ్యి పోతుంది, అది ఏ దేశంలోనైనా ఒకటే.

ఈ పద్ధతి మీద నాకో ఫిర్యాదు ఉంది. మే నెలలో మన వైపు పేర్లున్న రచయితలంతా బల్ల మీదకి వస్తారు, జూన్ రాగానే అరల్లోకి వెళ్ళిపోతారు. మిగతా పదకొండు నెలలు వాళ్ళు రాయనట్టా? ఇదే మాట మా బ్రాంచి లైబ్రేరియన్ దగ్గర అన్నాను. ఆవిడేం నొచ్చుకోలేదు. తమలో తామూ ఈ వాదన చేసుకుంటూనే ఉంటామని చెప్పింది. అందుకే కేలండర్‌తో పనిలేని అంశాలు కూడా పెడతారట: ఒక్క రాత్రిలో జరిగిపోయే కథలు, వంటిల్లు ముఖ్యమైన నవలలు, ఇల్లు మారినవాళ్ళు, ముసలివాళ్ళు నాయకులుగా ఉన్నవి. అలాంటి బల్ల మీద చైనా రచయిత, నల్లజాతి రచయిత, మనవాళ్ళు, తెల్లవాళ్ళు పక్కపక్కనే కూర్చుంటారు. ఎవరి నెలా కాదు కాబట్టి అందరి నెలా అవుతుంది. నాకు ఇవే బాగా నచ్చుతాయి. ఈ దయ్యాల బల్ల మీద కూడా ఓ భారతీయ రచయిత్రి పుస్తకం కనబడి తెచ్చుకున్నాను. భయం వేయలేదు గానీ బాగుంది.

అయితే మావయ్యా, అంశం ఒక సాకు మాత్రమే. అసలు పని చేసేది చీటీ.

బల్ల మీద కొన్ని పుస్తకాలకి అరచేయంత చీటీ వేలాడుతూ ఉంటుంది. అక్కడ పనిచేసే ఎవరో ఆ పుస్తకం చదివి, రెండు మూడు వాక్యాలు చేత్తో రాసి పెడతారు. కథ చెప్పరు, గొప్ప రచన అని పొగడరు. ఎవరు చదివితే బాగుంటుందో చెబుతారు. ఓసారి ఒక చీటీ మీద, ఇది బస్సులో చదవకండి, ఏడిస్తే పక్కవాళ్ళు కంగారుపడతారు అని ఉంది. ఇంకోదాని మీద, మొదటి అధ్యాయం చప్పగా ఉంటుంది, రెండో అధ్యాయంలో ముసలావిడ వచ్చేదాకా ఓపిక పట్టండి అని. ఇలా రాసిందాన్ని తీసుకోకుండా ఎలా ఉంటాం చెప్పు? వెనక అట్ట మీద ప్రచురణకర్త ఎంత పొగిడినా ఆ నమ్మకం రాదు. రాసిన మనిషి అక్కడే కౌంటర్ వెనక ఉంటుంది, తిరిగిచ్చేటప్పుడు "ముసలావిడ దాకా వచ్చారా?" అని అడుగుతుంది.

అందరూ ఎగబడే కొత్త పుస్తకాలు ఈ బల్ల మీద పెద్దగా కనిపించవు. వాటికి వేరే దారులున్నాయి. పేరు నమోదు చేసుకుని వరసలో ఉండాలి, ఒక్కోదానికి నెలలు పడుతుంది. లేదంటే 'పీక్ పిక్స్' అని ఒక అర ఉంది, అందులో ఉంటే వరసతో పనిలేకుండా తీసుకోవచ్చు, కాకపోతే రెండు వారాల్లో ఇచ్చేయాలి. బల్ల ఉన్నది పాతవాటి కోసం, ఎవరూ అడగనివాటి కోసం. మన గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో రాసిన అయిదు సూత్రాలు లైబ్రరీ సర్టిఫికెట్ కోర్సులో బట్టీ పట్టానని నువ్వే చెప్పేవాడివి. ప్రతి చదువరికీ ఒక పుస్తకం అన్నది రెండోది, ప్రతి పుస్తకానికీ ఒక చదువరి అన్నది మూడోది. ఇక్కడివాళ్ళు చేస్తున్నది ఆ మూడో సూత్రమే. ఆయన పేరు మా లైబ్రేరియన్‌కి కూడా తెలుసు, వాళ్ళకీ అది పాఠమేనట.

ఇన్ని పుస్తకాలు, ఇంత డబ్బు ఉన్నచోట బల్లతో పనేమిటని నీకు అనిపించవచ్చు. ఊరి మధ్యలో సెంట్రల్ లైబ్రరీ ఉంది, 2004లో కట్టిన పదకొండు అంతస్తుల గాజు భవనం. అందులో నాలుగు అంతస్తుల పొడుగునా పుస్తకాలు ఒకే వాలు దారి మీద, విషయాన్ని బట్టి పుస్తకాలకిచ్చే డ్యూయీ నంబర్ల వరసలో చుట్టూ తిరుగుతూ పైకి వెళతాయి. ఏ నంబరు ఎక్కడో నేల మీద చాపల్లోనే ఉంటుంది. ఒక్క బీరువాకీ తాళం లేదు. మొదటిసారి వెళ్ళినప్పుడు పైదాకా నడిచి, ఒక్క పుస్తకమూ తీసుకోకుండా దిగొచ్చాను. మన లైబ్రరీలో తాళం వల్ల పుస్తకం కనబడదు, ఇక్కడ గుంపు వల్ల కనబడదు.

సియాటిల్ లైబ్రరీలో 'యువర్ నెక్స్ట్ ఫైవ్ బుక్స్' అని ఇంకో పద్ధతి కూడా ఉంది. నువ్వు ఏవి ఇష్టపడ్డావో, ఏవి విసుగనిపించాయో ఫారంలో రాసి పంపితే లైబ్రేరియన్ అయిదు పుస్తకాలు చెబుతారు, ఎందుకో కూడా రాస్తారు. నేనూ పంపాను. వచ్చిన అయిదింటిలో రెండు నాకు ఎక్కలేదు, మిగతావి నా అంతట నేను ఎప్పటికీ వెతుక్కోనివి. ఎక్కనివాటిని ఏం చేయాలో నాన్సీ పెర్ల్ అనే ఇక్కడి పాత లైబ్రేరియన్ ఒక లెక్క చెప్పింది. యాభై పేజీలు చదువు, పట్టకపోతే మూసేయ్. వయసు యాభై దాటితే నూరులోంచి వయసు తీసేసి, మిగిలినన్ని పేజీలు చదివితే చాలు. నీకు అరవై కాబట్టి నలభై. మొదలుపెట్టిన ప్రతి పుస్తకాన్నీ పంతంగా చివరిదాకా చదివే మా నాన్నకి మాత్రం ఇది చెప్పకు, ఒప్పుకోడు.

ఇక మన లైబ్రరీ సంగతి. పొద్దున పేపర్ల కోసం పెద్దాయనలు, పది దాటాక పోటీ పరీక్షల కుర్రాళ్ళు, సాయంత్రం దాకా కుర్చీలన్నీ వాళ్ళవే అని బాధపడ్డావు. నాకది బాధపడే విషయంగా అనిపించలేదు. రోజూ ఒక గదినిండా చదివేవాళ్ళు కూర్చుంటున్నారంటే అంతకంటే ఏం కావాలి? వాళ్ళ వెనక బీరువాలో కథలున్నాయని వాళ్ళకి తెలియదు, అంతే. కాబట్టి మొదటి అంశం వాళ్ళ కోసమే పెట్టు: టీ తాగి వచ్చేలోగా అయిపోయే కథలు. పెద్ద నవల చేతికిస్తే టెన్షన్ పడతారు, పది పేజీల కథైతే కాదనరు.

వారోత్సవాలకి మాత్రం కాలువలూ నదులూ అని పెట్టు. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. కొల్లూరు, పెదపులివర్రు మధ్య కాలువ మీద 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పంపిన సంగతి చిన్నప్పుడు నువ్వు చెప్పబట్టే నాకు తెలుసు. ఆ కుర్రాళ్ళు దాన్ని ఒక మార్కు ప్రశ్నగా చదివి ఉంటారు. ఏటా లాగే వక్తృత్వ పోటీ, బహుమతి ప్రదానం ఎలాగూ ఉంటాయి, ఉండనీ. తలుపు పక్కన ఆ బల్ల మాత్రం వారం అయ్యాక తీసేయకు, నెలాఖరు దాకా ఉంచు.

ఏ పుస్తకాలు పెట్టాలో రిజిస్టరే చెబుతుంది. వెనక అతికించిన తేదీల కాగితం మీద చాలా ఏళ్ళుగా ముద్ర పడనివి ముందు తియ్యి. వేటపాలెం లైబ్రరీ వాళ్ళకో రాజమండ్రి గౌతమి లైబ్రరీ వాళ్ళకో ఉన్నంత పాత సంపద మనకి లేకపోవచ్చు, పాతిక పుస్తకాలకి కొదవ ఉండదు. చీటీలు అన్నీ నువ్వే రాయకు, అప్పుడవి నోటీసులైపోతాయి. రిటైరైన తెలుగు మాస్టారితో ఒకటి, డిటెక్టివ్ నవలలు ఒక్కటీ వదలని టైలర్ గారితో ఒకటి, హైస్కూలు ఆడపిల్లలతో రెండు రాయించు. అత్తయ్య చేత కూడా. చదవనివాళ్ళు మాత్రం రాయకూడదు, ఈ ఒక్క నియమం గట్టిగా పెట్టు. "అద్భుతమైన రచన" అని రాస్తే తిప్పి పంపెయ్.

బయట పెడితే పోతాయని నీ భయం. పోతే లెక్క నీ మెడకి చుట్టుకుంటుందని నాకు తెలుసు. ఇక్కడ 2020 జనవరి నుంచి ఆలస్యానికి జరిమానాయే తీసేశారు, ఆ ధైర్యం నీకు ఎవరూ ఇవ్వరు. అందుకని ఖరీదైనవి, ఒక్క కాపీయే ఉన్నవి బీరువాలోనే ఉండనీ. కథల సంపుటాలు, చిరిగి బైండు చేయించినవి బల్ల మీద పెట్టు. ఎవరు ఏది తీసుకున్నారో ఆ నెలకి వేరే పేజీలో రాసుకో. పైనుంచి తనిఖీకి వచ్చినవాళ్ళు ఇదంతా ఎందుకని అడిగితే ఆ పేజీ చూపించవచ్చు.

ఇంకో పని చెయ్యి. కిటికీ పక్క బీరువాలో మూడో అరలో ఉన్నవి నేను సెలవుల్లో చదివినవే. ఆ అర ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు. నాకు గుర్తున్నవాటికి ఈ ఆదివారం చీటీలు రాసి పంపుతాను. నా దస్తూరీ ఎలా ఉంటుందో నీకు తెలుసు కాబట్టి హైస్కూలు పిల్లల చేత ఎత్తి రాయించు. కింద నా పేరు వద్దు, ఫలానావారి మనవరాలు అని రాస్తే ఊళ్ళో అందరికీ తెలుస్తుంది.

అత్తయ్యకు నమస్కారాలు. పిల్లలకు దీవెనలు.

నీ మేనకోడలు