బోటు మెకానిక్‌కి నీళ్ల దగ్గరే పని నేర్పించండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

నైపుణ్య శిక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను విహార పడవల ఇంజిన్లు బాగుచేసే మెకానిక్‌ని. ఈ పని నేర్పే కోర్సు చేసి, సర్టిఫికెట్ తీసుకుని షెడ్డులో చేరినవాణ్ని. ఇప్పుడు కోర్సు పూర్తి చేసిన కుర్రాళ్లు నా దగ్గరికి పనిలోకి వస్తున్నారు. అప్పట్లో నేను ఏ లోటుతో వచ్చానో, వాళ్లూ అదే లోటుతో వస్తున్నారు. అందుకే ఈ లేఖ.

మా శిక్షణంతా శుభ్రంగా తుడిచి స్టాండుకి బిగించిన ఇంజిన్ మీదే జరిగింది. ఎన్నిసార్లు విప్పామో, ఎన్నిసార్లు బిగించామో లెక్కలేదు. కానీ ఆ ఇంజిన్ నీళ్ల ముఖం చూసింది కాదు. ఉప్పు పట్టి బిగుసుకుపోయిన బోల్టు మీద మేం ఒక్కసారి కూడా పానా వేయలేదు.

షెడ్డులో చేరిన మొదటి నెలలోనే, వేడెక్కిపోతోందంటూ ఒక అవుట్‌బోర్డ్ మోటార్ (బోటు వెనక బయట తగిలించే ఇంజిన్) తెచ్చారు. కారుకున్నట్టు దీనికి రేడియేటర్ ఉండదు. అడుగునున్న పంపు బయటి నీళ్లనే లాగి, ఇంజిన్‌లో తిప్పి, మళ్లీ బయటికి వదిలేస్తుంది. పంపులో తిరిగేది రబ్బరు రెక్కల ఇంపెల్లర్. విప్పి చూస్తే మూడు రెక్కలు ఊడిపోయి ఉన్నాయి. కొత్తది వేశాను. పంపు నీళ్లు లాగుతోందనడానికి గుర్తుగా వెనక వచ్చే సన్నటి నీటి ధార బాగానే వచ్చింది. పని అయిపోయిందని పంపించేశాను.

వారం తిరక్కుండానే ఆ బోటు ఒడ్డుకి చాలా దూరంలో ఆగిపోయింది. అందులో ఇద్దరు చిన్నపిల్లలు కూడా ఉన్నారు. ఇంకో బోటువాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. ఊడిన ఆ మూడు రెక్కలు ఎక్కడికి పోయాయో నేను వెతకలేదు. అవి నీటి దారిలో పైకి కొట్టుకుపోయి థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని బట్టి నీటి దారిని తెరిచి మూసే కవాటం) దగ్గర అడ్డం పడ్డాయి. ఇంపెల్లర్ మార్చేటప్పుడు పాతదాని రెక్కలు చూసుకోవాలి, ఒక్కటి తగ్గినా ముక్క దొరికేదాకా వెతకాలి. ఈ మాట కోర్సులో నాకెవరూ చెప్పలేదు. మా మాస్టార్లను తప్పుపట్టను. చూపించడానికి వాళ్ల దగ్గర అలాంటి మోటారే లేదు.

ఇంజిన్ పని వస్తే బోటు పనీ వచ్చినట్టేనని చాలామంది అనుకుంటారు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు. కారు కింద ఖాళీ కాబట్టి గాలికి చెదిరిపోతుంది. ఇంజిన్ లోపలే ఉండే బోటులో మాత్రం అడుగుకి దిగి అక్కడే నిలిచిపోతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే ఈ బోట్లకి వేసే స్టార్టర్ మోటార్, ఆల్టర్నేటర్ లోపలి నిప్పురవ్వ బయట ఉన్న ఆవిరిని అంటుకోకుండా తయారుచేస్తారు. పైకి చూస్తే కారువాటికీ వీటికీ తేడా తెలియదు, చాలావాటికి బోల్టులు కూడా సరిపోతాయి. తెలియని కుర్రాడు కారు స్టార్టర్ బిగించేస్తాడు, బోటు స్టార్ట్ కూడా అవుతుంది. స్టార్ట్ చేసేముందు ఆవిరిని బయటికి తోసే ఫ్యాను, అంటే బ్లోయర్‌ని కనీసం 4 నిమిషాలు తిప్పి, ఆ తర్వాత వాసన చూడాలన్న అలవాటు పుస్తకం చదివితే రాదు. రోజూ చేయిస్తేనే వస్తుంది.

తుప్పు సంగతీ అంతే. ప్రొపెల్లర్ దగ్గర ఒక లోహపు ముక్క బిగిస్తారు. మిగతా లోహాల బదులు అది తుప్పుకి తరిగిపోతూ వాటిని కాపాడుతుంది. ఉప్పునీటికి జింక్ లేదా అల్యూమినియం, మంచినీటికి మెగ్నీషియం వాడతాం. దాని మీద పెయింట్ వేస్తే అది పనిచేయదు. మొన్న మా దగ్గర చేరిన కుర్రాడు, మంచి పనిమంతుడే, అందంగా ఉంటుందని దాని మీదా రంగు వేశాడు. నేను చూడకపోతే ఆ బోటు అలాగే నీళ్లలోకి దిగేది.

అయ్యా, మేం ఖరీదైన కొత్త యంత్రాలు అడగడం లేదు. ప్రతి శిక్షణ కేంద్రంలో మోటార్ ముంచి తిప్పడానికి ఒక నీళ్ల తొట్టి, బోటు దించడానికి ఒక వాలు రేవు ఉండేలా చూడండి. యజమానులు వదిలేసిన, ఉప్పు తిన్న, తిరగకుండా బిగుసుకుపోయిన మోటార్లు సేకరించి ఇవ్వండి. సీలు పోయి నీళ్లు చేరి గేర్ ఆయిల్ పాలలా తెల్లబడ్డ మోటార్ ఒక్కటి విప్పితే, నెల రోజుల పాఠం ఒక్క పూటలో బుర్రకెక్కుతుంది. కోర్సులో సగం కాలం నడుస్తున్న షెడ్లలో గడవాలి. ఆ కాలానికి స్టైపెండ్ తప్పనిసరి, లేకపోతే ఇల్లు నడపాల్సిన పిల్లలు మధ్యలోనే మానేస్తారు. డిగ్రీ లేదన్న ఒక్క కారణంతో పాత మెకానిక్‌లను పాఠం చెప్పనివ్వకపోవడం అన్యాయం. ఆ నిబంధన ఎక్కడున్నా తీసేయండి.

పరీక్ష కూడా మార్చాలి. చెడిన మోటార్ ముందు పెట్టి, జబ్బేమిటో కనిపెట్టమనండి. బాగుచేశాక దాన్ని బోటుకి బిగించి, ఆ అభ్యర్థినే ఎక్కించి నీళ్ల మీద నడిపించండి. తను బాగుచేసిన ఇంజిన్‌ని నమ్మి ఒడ్డు దాటినవాడికే సర్టిఫికెట్ ఇవ్వండి.

మీకు వీలు చూసుకుని, ముందుగా కబురు పెట్టకుండా, ఏదైనా ఒక శిక్షణ కేంద్రానికి వెళ్లండి. స్టాండు మీదున్న ఇంజిన్ చూపించి, ఇది చివరిసారి నీళ్లలో ఎప్పుడు తిరిగిందని అక్కడి పిల్లల్ని అడగండి.

ఇట్లు,
ఒక బోటు మెకానిక్