కారు సర్వీసు ఎస్టిమేట్ గురించి లావణ్యకు

చిరంజీవి లావణ్యకు, నాన్న ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఎస్టిమేట్ రెండుసార్లు చదివాను. 20,000 కిలోమీటర్ల సర్వీసుకు 11,300 రూపాయలు. ఫోన్లో చెబితే సగం గుర్తుండదని రాస్తున్నాను. ఇది చదివేదాకా వాళ్లకు సరేనని చెప్పకు.

ఖర్చు తగ్గించుకోమన్నానని సర్వీసు వాయిదా వేసేవు, ఆ పని మాత్రం చెయ్యొద్దు తల్లీ. ఆర్టీసీ గ్యారేజీలో నా ఉద్యోగమంతా షెడ్యూళ్ల మీదే గడిచింది. రోజూ చూసేది షెడ్యూల్ వన్, వారానికోసారి చూసేది టూ, ఆ పైవి బండి తిరిగిన కిలోమీటర్లను బట్టి. తేదీ వచ్చిందంటే బస్సు ఎంత బాగా నడుస్తున్నా షెడ్డులోకి రావాల్సిందే. అలా చూసుకున్నాం కాబట్టే లక్షల కిలోమీటర్లు తిరిగాయి ఆ బండ్లు.

నీ కారుకూ అలాంటి షెడ్యూలు ఉంది. డాష్‌బోర్డు అరలో ఓనర్స్ మాన్యువల్ ఉంటుంది, నువ్వు తెరిచి చూసి ఉండవు. అందులో మెయింటెనెన్స్ పట్టిక తియ్యి. పైన కిలోమీటర్లు, నెలలు. పక్కన చేయాల్సిన పనులు. గడిలో 'ఐ' అని ఉంటే చూడాలని, 'ఆర్' అని ఉంటే మార్చాలని అర్థం. కిలోమీటర్లు, నెలలు, ఏది ముందొస్తే అదే లెక్క. అద్దం మీద సర్వీసు సెంటర్ వాళ్లు అంటించిన స్టిక్కర్‌లో 5,000 కిలోమీటర్లకే మళ్లీ రమ్మని రాసి ఉన్నా, కాల్ సెంటర్ అమ్మాయి ఆరు నెలలకే ఫోన్ చేసినా, నువ్వు చూడాల్సింది ఆ పట్టికనే. నీ కారుకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది అని ఉంది, నేను చూశాను.

ఇప్పుడు ఎస్టిమేట్ పక్కన పెట్టుకో. ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ వాషర్, లేబర్, అన్నీ కలిపి 4,700. ఇది కట్టాల్సిందే. ఇన్నాళ్లూ చేయించిన ఫ్రీ సర్వీసుల్లో లేబర్ ఒక్కటే ఉచితం, ఈసారి అదీ కలిసింది. వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్, టైర్లను ముందూ వెనకా స్థానాలు మార్చి బిగించడం 850. మీ కాలనీ రోడ్డు సంగతి నాకు తెలుసు, చేయించు. మిగతా 5,750 దేనికి? ఇంజన్ ఫ్లష్, అంటే లోపల మందు పోసి కడగడం, 650. ఏసీ డిస్ఇన్ఫెక్షన్ 1,350. అండర్‌బాడీ కోటింగ్, అంటే అడుగున తుప్పు పట్టకుండా పూసే పూత, 2,600. త్రాటిల్ బాడీ, అంటే ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారి, క్లీనింగ్ 1,150. వీటిలో ఒక్కటి కూడా పట్టికలో లేదు. టైముకు ఆయిల్ మార్చే ఇంజన్‌కు ఫ్లష్‌తో పనేంటి? బండి నిలబెట్టి ఇంజన్ ఆన్‌లో ఉంచినప్పుడు వణుకు లేకపోతే త్రాటిల్ బాడీ విప్పడం ఎందుకు? కోటింగంటే విశాఖలో బీచ్ పక్కన ఉండేవాళ్లు ఆలోచించాలి, ఉప్పుగాలికి ఇనుము నిలవదు. కొండాపూర్‌లో అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఉండే కారుకు దాని అవసరం లేదు.

నాకు నిజంగా కోపం తెప్పించింది వేరే ఉంది. రెండేళ్లకు బ్రేక్ ఫ్లూయిడ్ (మనం బ్రేక్ ఆయిల్ అంటాం) మార్చాలని పట్టికలో 'ఆర్' అని స్పష్టంగా ఉంది. ఎస్టిమేట్‌లో ఆ ఊసే లేదు. ఆ ఫ్లూయిడ్‌కు గాలిలో తేమను పీల్చుకునే గుణం ఉంది. తేమ చేరినకొద్దీ అది తక్కువ వేడికే మరుగుతుంది. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు మాటిమాటికీ బ్రేకు తొక్కితే చక్రాల దగ్గర వేడి ఎంత పుడుతుందో చేత్తో ముట్టిన వాణ్ణి నేను. ఫ్లూయిడ్ మరిగి ఆవిరైతే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి ఆగదు. కింద రంగు వేయడానికి 2,600 అడిగి, ఆపే దాన్ని వదిలేశారు. అది రాయించు, దానికి అయ్యే డబ్బు గురించి ఆలోచించకు.

ఏసీ ఫిల్టర్ నువ్వే మార్చుకోవచ్చు. గ్లవ్ బాక్స్ ఖాళీ చేసి, రెండు పక్కల గోడల్నీ లోపలికి నొక్కితే కిందికి వాలుతుంది. వెనక పొడవాటి మూత, దాని క్లిప్పు నొక్కితే ఫిల్టర్ బయటికి వస్తుంది. దుమ్ము, ఎండుటాకులు ఎంత పేరుకున్నాయో చూడు, సగం దుర్వాసన అక్కణ్ణించే. దాని మీద బాణం గుర్తు ఏ వైపు ఉందో చూసుకుని కొత్తదీ అలాగే పెట్టు. కంపెనీ ఫిల్టరే స్పేర్‌పార్టుల షాపులోనూ దొరుకుతుంది, అట్టపెట్టె మీద ఎంఆర్‌పీ ఉంటుంది. వైపర్ బ్లేడ్లూ అంతే.

బండి ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు, అంటే చేయాల్సిన పనులు రాసే కాగితం, దాని మీద 'అడగకుండా అదనపు పని చేయవద్దు' అని రాయించి, ఆ తర్వాతే సంతకం పెట్టు. మధ్యాహ్నానికి ఫోన్ వస్తుంది, బ్రేక్ ప్యాడ్లు అరిగాయి మేడం అని. అరిగి ఉండవచ్చు కూడా. ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందో కొలిచి ఫోటో పంపమను. మూడు దగ్గరికి వస్తే మార్పించు, ఆరు ఉంటే వచ్చే ఏడాది చూద్దాం. మార్చిన పాత సామాను డిక్కీలో పెట్టమను. సర్వీస్ అడ్వైజర్‌తో గొడవ మాత్రం పడకు. వాళ్లకూ నెలనెలా టార్గెట్లు ఉంటాయి, పాపం. మర్యాదగా వద్దంటే ఆ కుర్రాడే ఎస్టిమేట్‌లోంచి ఆ పనులు కొట్టేస్తాడు.

వారంటీ ఉన్నంతకాలం షోరూం సర్వీసే మేలు. బయట చేయిస్తే వారంటీ మొత్తం పోతుందని బెదిరించడం మాత్రం తప్పు. 2014లో కాంపిటీషన్ కమిషన్, అంటే కంపెనీలు పోటీని దెబ్బతీయకుండా చూసే కేంద్ర సంస్థ, 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల జరిమానా వేసిన ఉత్తర్వులో ఈ సంగతీ ఉంది. బయటి మెకానిక్ చేసిన పని వల్ల పాడైన దానికే వారంటీ తీసేయవచ్చు తప్ప, అక్కడికి వెళ్లినందుకే మొత్తం రద్దు చేయకూడదని చెప్పింది. కంపెనీలు కోర్టులకెక్కాయి. ఇంజన్ క్లెయిమ్ దగ్గర నువ్వు ఒంటరిగా ఆ వాదన చేస్తూ కూర్చోవడం నాకు ఇష్టం లేదు. వారంటీ అయ్యాక మాత్రం ఆయిల్ మార్పించడానికి మంచి గ్యారేజీ చాలు, బిల్లులు దాచుకో.

లేబర్ చార్జీ ఒకే ఊళ్లో రెండు డీలర్ల దగ్గర రెండు రకాలుగా ఉంటుంది, అడగడంలో తప్పులేదు. కంపెనీ వెబ్‌సైట్‌లో కారు, ఊరు, కిలోమీటర్లు కొడితే సుమారు ఖర్చు వస్తుంది, దాని ప్రింటు చేతిలో పెట్టుకో. ఇంకో సంగతి, కొన్ని విడిభాగాల మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18కి తగ్గింది. బిల్లులో ఆ గడి చూడు. ఎవరైనా మొండికేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

శనివారం పెట్టుకోకు, రద్దీలో ఎవరూ సరిగ్గా చూడరు. వారం మధ్యలో ఒక పూట సెలవు పెట్టు. సాయంత్రం డబ్బు కట్టకముందే బోనెట్ తెరిపించు. ఆయిల్ కొలిచే కడ్డీ (డిప్‌స్టిక్) తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తియ్యి. ఆయిల్ తేనెరంగులో, రెండు గీతల మధ్య ఉండాలి. ఎన్ని లీటర్లు పోశారని బిల్లులో రాశారో మాన్యువల్‌తో సరిచూడు. బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా కూడా అక్కడే పైన ఉంటుంది, కొత్తది తేటగా కనిపిస్తుంది. రెండూ ఫోటో తీసి నాకు పంపు, నేను చూసి సరేనన్నాక కార్డు గీకు.

ఇట్లు
మీ నాన్న